కడుపు బాధకు కామంచి: మన ఊరి మొక్కా, మద్రాసు మణత్తక్కాళీ ఒకటేనా?

విల్లివాక్కం గృహిణి | మంగళవారం, ఉదయం 9.20

సభ్యులందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా. పెళ్లయిన తరువాత పదకొండేళ్లుగా చెన్నైలోని విల్లివాక్కంలో ఉంటున్నాము. నా భర్త షోలింగనల్లూరులో ఉద్యోగం చేస్తూ మధ్యాహ్నం పూట, ఒక్కోసారి రాత్రి కూడా, బయటే భోజనం చేస్తుంటారు. నెలన్నరగా ఆయనకు కడుపులో మంట, పులితేన్పులు, మధ్యమధ్య నోటిపూత వస్తున్నాయి. ఈ సంగతి విన్న మా ఎదురింటి తమిళ మామి, మజ్జిగలో ఊరబెట్టి ఎండబెట్టిన మణత్తక్కాళి వత్తల్ ఒక డబ్బా తెచ్చి ఇచ్చి, నేతిలో వేయించి అన్నంలో మొదటి ముద్దగా కలిపి పెట్టమన్నారు. నోట్లో వేసుకోగానే తగిలిన ఆ చిరుచేదు మా అమ్మమ్మ చేసిన కామంచి పులుసును గుర్తుకు తెచ్చింది.

వానలు మొదలైన తరువాత మా బాల్కనీలోని తులసి కుండీలో ఒక మొక్క తానుగా మొలిచింది. తెల్లని చిన్న పూలు, మిరియాలంత ఆకుపచ్చ కాయలు గుత్తులుగా ఉన్నాయి. నాలుగైదు కాయలు నల్లబడుతున్నాయి. మామి పుట్టింటి మొక్కకు మాత్రం పండ్లు నారింజ రంగులో ఉంటాయట. ఈ రెండూ ఒకటేనా అన్నది నా మొదటి సందేహం. రెండవది తొందరగా తేలవలసినది: మా ఎనిమిదేళ్ల బాబుకు నిన్న రాత్రి నుంచి నీళ్ల విరేచనాలు అవుతున్నాయి, ఈ ఉదయానికి నాలుగుసార్లు అయినాయి. ఈ కాయలను దంచి రసం తీసి బాబుకు కూడా ఇవ్వవచ్చునా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

పిల్లల వైద్యురాలు, అణ్ణానగర్ | మంగళవారం, ఉదయం 9.41

అమ్మా, ముందు బాబు సంగతి చూద్దాము. కాయల రసం ఇవ్వకండి, ముఖ్యంగా ఆకుపచ్చ కాయలను దగ్గరికి కూడా రానివ్వకండి. కారణం తీరికగా వ్రాస్తాను. ఇప్పుడే మందుల దుకాణం నుంచి ఓఆర్ఎస్ పొట్లం తెప్పించి, పొట్లం మొత్తాన్ని దానిపై వ్రాసినంత నీటిలో, అంటే పెద్ద పొట్లమైతే కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో, ఒకేసారి కలపండి. సగం పొట్లం, సగం గ్లాసు అంటూ అంచనాతో కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. విరేచనమైన ప్రతిసారీ 100 నుంచి 200 మిల్లీలీటర్ల దాకా గుక్కగుక్కగా పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో మళ్లీ మొదలుపెట్టండి. కలిపిన నీరు 24 గంటలకు మించి ఉంచవద్దు. పెరుగన్నం, అరటిపండు, ఇడ్లీ వంటివి తినగలిగితే పెట్టండి, కడుపు మాడ్చవద్దు.

బాబుకు జ్వరం ఉన్నదా, విరేచనంలో రక్తం గానీ జిగురు గానీ కనబడుతున్నదా, చివరిసారి మూత్రం ఎప్పుడు పోశాడు అన్నవి వెంటనే తెలియజేయండి.

విల్లివాక్కం గృహిణి | మంగళవారం, ఉదయం 10.05

ధన్యవాదాలు డాక్టరు గారూ. జ్వరం లేదు, రక్తం లేదు, ఒక గంట క్రితం మూత్రం పోశాడు. ఓఆర్ఎస్ అని అడిగితే మావారు తీయని పానీయం డబ్బా ఒకటి తెచ్చారు. అది పనికివస్తుందా?

పిల్లల వైద్యురాలు, అణ్ణానగర్ | మంగళవారం, ఉదయం 10.12

పనికిరాదు, దయచేసి మార్పించండి. అటువంటి డబ్బా పానీయాలలో చక్కెర ఎక్కువగానూ, ఉప్పు తక్కువగానూ ఉండి విరేచనాలను పెంచే ప్రమాదం ఉన్నది. అసలు పాళ్లు లేని పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాటే వాడకూడదని దేశంలో ఆహార భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది, అయినా పాత అలవాటు చొప్పున అడిగినవారి చేతికి అవే వస్తున్నాయి. పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉన్నదో లేదో చూడండి: లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సిట్రేటు 2.9 గ్రాములు ఉండాలి. పేగు గోడలో గ్లూకోజు లోపలికి వెళ్లేటప్పుడు ఉప్పును తన వెంట తీసుకువెళ్తుంది, ఉప్పు వెంట నీరు వెళ్తుంది. విరేచనాలు అవుతున్నప్పుడు కూడా ఈ దారి తెరిచే ఉంటుంది కనుకనే పాళ్లకు ఇంత పట్టింపు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలి సెలైను సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ములలో ఈ నీటినే కలిపించి, నూటికి 30 దాకా ఉన్న మరణాలను 4 లోపుకు తెచ్చారు. నేను చదువుకున్న వైద్యంలో ఇంత చవకగా ఇంతమంది పిల్లలను బ్రతికించిన మందు మరొకటి లేదు.

మీ దగ్గరి డాక్టరు చేత జింకు మాత్రలు కూడా వ్రాయించుకోండి. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 10 నుంచి 14 రోజులు ఇస్తారు. కళ్లు లోతుకు పోయినా, బాబు మగతగా ఉన్నా, ఆరు గంటలైనా మూత్రం రాకపోయినా, రక్తం కనబడినా, త్రాగినదంతా వాంతి అవుతున్నా ఇక ఇక్కడ వ్రాస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మొక్కల మేష్టారు, తాంబరం | మంగళవారం, ఉదయం 11.30

బాబు విషయం డాక్టరు గారు చూస్తున్నారు కనుక నేను మొక్క గురించి వ్రాస్తాను. నేను వృక్షశాస్త్రం బోధించి పదవీవిరమణ చేసినవాణ్ణి. మీ కుండీలో మొలిచినది మీ వర్ణనను బట్టి కామంచే కావచ్చును, అయినా రూఢి చేసుకోవడానికి కొన్ని గుర్తులు చెబుతాను.

కామంచిని సంస్కృతంలో కాకమాచి అనీ, తమిళంలో మణత్తక్కాళి అనీ అంటారు. తక్కాళి అంటే తమిళంలో టమాట. ఆ బంధుత్వం నిజమే, ఎందుకంటే కామంచి, టమాట, వంగ, మిరప, బంగాళాదుంప అన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. మొక్క మోకాలెత్తు నుంచి నడుమెత్తు దాకా పెరుగుతుంది. పువ్వు వంగపువ్వును చిన్నదిగా చేసి తెలుపు వేసినట్టు ఉంటుంది: ఐదు తెల్లని రేకులు, మధ్యలో పసుపుపచ్చని కేసరాల ముడి. కాయలు ఒకే కాడ చివర నాలుగు నుంచి ఎనిమిది దాకా గొడుగు ఊచలవలె విడివడి క్రిందికి వ్రేలాడుతాయి. ఈ గుత్తి లక్షణమే నా దృష్టిలో అన్నిటికంటె నమ్మదగిన గుర్తు.

రంగు విషయానికి వస్తే, శాస్త్రజ్ఞులు సోలానమ్ నైగ్రమ్ అని పిలిచే నల్లపండ్ల మొక్క చుట్టూ చాలా దగ్గరి చుట్టాలు ఉన్నాయి. నారింజ రంగు పండ్లు కాచేది వాటిలో ఒకటైన సోలానమ్ విల్లోసమ్ కావచ్చును. తమిళనాట రెండింటినీ మణత్తక్కాళి అనే పిలుస్తారు, రెండింటినీ వండుకుంటారు. కనుక మీ మామి గారి మాటా తప్పు కాదు, మీ అమ్మమ్మ గారి కామంచీ వేరు కాదు.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచుగా జరుగుతుంటాయి. మొదటిది, అంతర్జాలంలో నైట్‌షేడ్ అన్న ఆంగ్లపదం చూసి, ఇది ప్రాణాంతకమైన బెల్లడోనా అని భయపడి మొక్కను పీకి పారేయడం. బెల్లడోనా చల్లని ప్రదేశాల మొక్క, మన దేశంలో దాని చుట్టం కాశ్మీరు వైపు హిమాలయాలలో పెరుగుతుంది, చెన్నై ఉక్కలో తానుగా మొలవదు. దాని పండు గుత్తిగా రాదు, ఒంటిగా, దాదాపు చెర్రీపండంత ఉంటుంది. పువ్వు గంట ఆకారంలో ఊదారంగులో ఉంటుంది. రెండవ పొరపాటు నిజంగా ప్రమాదకరమైనది. పూత పట్టని లేత ఉమ్మెత్త మొక్కను ఆకును బట్టి కామంచి అనుకొని ఆకుకూరగా కోసుకోవడం. మన నగరంలో ఖాళీ స్థలాలలో రెండూ పక్కపక్కనే మొలుస్తాయి. అందుచేత పువ్వు గానీ కాయ గానీ కంటితో చూడనిదే తానుగా మొలిచిన మొక్క ఆకును వంటకు వాడవద్దని నా విద్యార్థులకు ఎప్పుడూ చెప్పేవాణ్ణి.

పెరంబూరు పెద్దమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 2.15

నాకు డెబ్బై రెండేళ్లు. మా నాన్నగారు రైల్వే ఉద్యోగం మీద చిత్తూరు నుంచి పెరంబూరు వచ్చినప్పటి నుంచి మేము ఇక్కడివారమే. మా ఇంట్లో కామంచి లేని నెల లేదు, కనుక వంట సంగతి నేను చెబుతాను.

నోరు పూసినప్పుడు మా అమ్మ ఆకును కాడలు తీసి కడిగి, బియ్యం కడిగిన రెండవ నీళ్లలో చిన్న ఉల్లిపాయలు, జీలకర్ర వేసి ఉడికించి, దించిన తరువాత పలుచని కొబ్బరిపాలు పోసేది. చింతపండు, పచ్చిమిరపకాయ పడనిచ్చేది కాదు. దీనినే ఇక్కడివారు తణ్ణి సారు అంటారు. నోరు మండుతున్నవాడికి ఆ గోరువెచ్చని పాలరసం అన్నంలో కలిపి పెడితే సుఖంగా మింగుతాడు. అజీర్తి చేసినప్పుడు, నోరు అరుచిగా ఉన్నప్పుడు మాత్రం ఒరుగులు. పండుతున్న కాయలను ఒక్కొక్కటీ కొద్దిగా నలగగొట్టి, ఉప్పు వేసిన పుల్లమజ్జిగలో రాత్రంతా ఉంచి, పగలు ఎండలో పోసి, సాయంత్రం మళ్లీ అదే మజ్జిగలో వేసి, మజ్జిగ ఇంకిపోయేదాకా నాలుగైదు రోజులు ఇలా చేయాలి. సన్నని సెగ మీద నేతిలో వేయించేటప్పుడు కళ్లు తిప్పకూడదు, క్షణంలో మాడిపోతాయి. ఒకరికి ఒక చెంచాడు చాలును.

అమ్మాయీ, నెలన్నరగా మంట అన్నావు కనుక ఒక మాట. ఒరుగుల పులుసు చింతపండుతో చేస్తారు, నూనె కూడా దండిగా పోస్తారు. మంట ఉన్నవారికి అది పెట్టవద్దు, ఆకు పెసరపప్పుతో వండిపెట్టు. మా కాలంలో పచ్చి ఆకు రసం కూడా పరగడుపున పట్టేవారు, కామెర్లకైతే ఏడు రోజులు పట్టేవారు, ఎవరికీ ఏమీ కాలేదు.

అంబత్తూరు తండ్రి | మంగళవారం, సాయంత్రం 6.50

పెద్దమ్మ గారి అనుభవం మీద నాకు ఎంతో గౌరవం ఉన్నది. అయినా ఎవరికీ ఏమీ కాలేదు అన్న మాట చదివిన తరువాత నేను వ్రాయకుండా ఉండలేకపోతున్నాను.

రెండేళ్ల క్రితం, అప్పటికి ఐదేళ్లున్న మా అమ్మాయి, మేము తరచుగా ఇంట్లో మణత్తక్కాళి పండ్లు తినడం చూసి, మా వీధి చివరి ఖాళీ స్థలంలో ఉన్న మొక్క నుంచి ఆకుపచ్చ కాయలు కోసుకొని తిన్నది. పది తిన్నదో, ఇరవై తిన్నదో తనకే తెలియదు. ఆడుకొని వచ్చి అన్నం కూడా తిన్నది. రాత్రి పదకొండు గంటలకు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతూ వాంతులు మొదలుపెట్టింది, తరువాత విరేచనాలు పట్టుకున్నాయి. మేము బయట తిన్న పానీపూరీ వల్ల అనుకొని జీలకర్ర నీళ్లు పట్టి తెల్లవారేదాకా కాలం వృథా చేశాము. ఆసుపత్రిలో డాక్టరు గారు ఏమి తిన్నావమ్మా అని అడిగినప్పుడు మాత్రమే పాప కాయల సంగతి చెప్పింది. ఆయన నన్ను వెనక్కి పంపి, కాయలతో ఉన్న కొమ్మ తెప్పించుకొని చూసి, ఒక రాత్రీ పగలూ సెలైను పెట్టి తమ కళ్లెదుట ఉంచుకున్నారు. పాప కోలుకున్నది. కానీ పండు మంచిది అన్నది పిల్లలకు నేర్పిన మేము కాయ మంచిది కాదు అన్నది నేర్పలేదు. ఆ తప్పు నాది.

పిల్లల వైద్యురాలు, అణ్ణానగర్ | మంగళవారం, రాత్రి 9.30

ఉదయం బాకీపడిన కారణం ఇదే. ఈ మొక్క పచ్చికాయలలో సొలనిన్ అనే విషపదార్థం, దాని వర్గానికే చెందిన ఇతర ఆల్కలాయిడ్లు ఎక్కువగా ఉంటాయి. పచ్చబడిన బంగాళాదుంపలో ఉండేవి కూడా ఇవే. కాయ పండుతున్నకొద్దీ ఇవి బాగా తగ్గిపోతాయి. ఎక్కువ మోతాదులో కడుపులోకి పోతే వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు, తలనొప్పి, మరీ ఎక్కువైతే మగత వస్తాయి. లక్షణాలు వెంటనే కాక కొన్ని గంటల తరువాత మొదలవుతాయి కనుక తిన్న కాయకూ వచ్చిన బాధకూ సంబంధం తల్లిదండ్రులకు తట్టదు. విరేచనాలకు మందు అనుకొని పచ్చికాయల రసం పడితే విరేచనాలే పెరుగుతాయి, పెరిగినది జబ్బు వల్లనో మందు వల్లనో మాకు కూడా తెలియకుండా పోతుంది.

ఉడికిస్తే పోతుంది కదా అని అడుగుతారు. నీరు మరిగే వేడికి సొలనిన్ నశించదు, కొంత భాగం ఉడికిన నీటిలోకి దిగుతుంది. అందుచేత ఆకు ఉడికించిన మొదటి నీటిని పారబోసేవారి అలవాటులో అర్థమున్నది. పెద్దమ్మ గారూ, తమరి తణ్ణి సారును నేను కాదనడం లేదు. లేత ఆకును వండి ఎప్పుడో ఒకసారి తినడం వేరు, పచ్చిరసాన్ని వరుసగా ఏడు రోజులు పరగడుపున త్రాగించడం వేరు. కామెర్లు వచ్చినవారికి కాలేయం అప్పటికే దెబ్బతిని ఉంటుంది. ఆ స్థితిలో ఇటువంటి ప్రయోగం చేయవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇక మీవారి మంట సంగతి. నెలన్నర అన్నది చిన్న గడువు కాదు. జఠరంలో పుండ్లకు ఎక్కువగా కారణమయ్యేవి రెండు: హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి, నొప్పి మాత్రలు. ఆ సూక్ష్మజీవిని 1982లో ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ గుర్తించారు, 2005లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. అది ఉన్నట్టు పరీక్షలో తేలితే రెండు వారాల మందులతో చాలామందికి తొలగిపోతుంది. వత్తల్ ఎంత తిన్నా దానిని తొలగించగలదని నమ్మడానికి ఆధారం లేదు. మలం నల్లగా తారువలె వస్తున్నదా, బరువు తగ్గారా, నడుమునొప్పికో తలనొప్పికో మాత్రలు వేసుకుంటున్నారా అని ఆయనను అడిగి తెలుసుకోండి.

సిద్ధ వైద్య విద్యార్థి, తాంబరం శానటోరియం | బుధవారం, ఉదయం 7.40

నేను జాతీయ సిద్ధ వైద్య సంస్థకు దగ్గరలో ఉండి, తమిళనాటి సంప్రదాయ వైద్యమైన సిద్ధ వైద్యం చదువుకుంటున్నాను. మాది చిత్తూరు జిల్లా నగరి. డాక్టరు గారు చెప్పిన జాగ్రత్తలతో నాకు విభేదం లేదు, అయితే ఈ మొక్కను కేవలం అమ్మమ్మల నమ్మకంగా తీసివేయకూడదని నా మనవి. ఇక్కడే మద్రాసు విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్ర పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ మొక్క సారం ఎలుకల జఠరంలో ఆమ్లాన్ని స్రవింపజేసే పంపును అణచిందనీ, పుండ్లు మానడానికి తోడ్పడిందనీ చూపారు. అది ఎలుకల మీద, కొలిచి ఇచ్చిన సారంతో జరిగిన పని. మనం కంచంలో వడ్డించుకునే చెంచాడు ఒరుగులకు అదే ఫలం వస్తుందని అనలేము. కానీ దారి చూపిన పని అది.

మా గురువులు మొదటి ఏడాదిలోనే నేర్పిన ఒక విషయం ఈ చర్చకు పనికివస్తుందని వ్రాస్తున్నాను. కడుపు బాగాలేదు అన్నది మన ఇళ్లలో ఒకే మాట. నోటిపూతతో కూడిన మంట, తిన్నది అరగక ఉబ్బరం, నీళ్ల విరేచనాలు, జిగట విరేచనాలు, ఈ నాలుగింటినీ ఆ ఒక్క మాటలోనే కలిపేస్తాము. కామంచి వాడుక మంట, పూతల వైపుది. విరేచనాలు కట్టడానికి పూర్వులు వగరు పదార్థాల వైపు వెళ్లారు: నేరేడు బెరడు కషాయం, దానిమ్మ తొక్క, లేత మారేడు కాయ. వగరులోని టానిన్లు పేగు పొరను బిగిస్తాయి. కామంచి ఆ కోవలోనిది కాదు, సిద్ధ వైద్యంలో దీనికి కొద్దిగా విరేచనకారి గుణం కూడా చెబుతారు. అంటే మా విద్య ప్రకారం చూసినా బాబుకు ఇది సరైన మందు కాదు. ఇంటిలో ఒకరికి పనిచేసిన డబ్బానే అందరికీ తెరవడం దగ్గరే పొరపాటు జరుగుతున్నది.

కొళత్తూరు మిద్దెతోట | బుధవారం, ఉదయం 10.20

పెంపకం గురించి రెండు మాటలు. ఖాళీ స్థలాలలో, మురుగు కాలువల అంచున, పెద్ద రోడ్ల పక్కన మొలిచిన కామంచిని కోయవద్దు. అక్కడి మట్టిలో ఏమి ఉన్నదో మనకు తెలియదు, ఈ వానలకు మురుగు ఎక్కడి నుంచి ఎక్కడికి పారిందో అసలే తెలియదు. కుండీలో పెంచడం చాలా సులభము. బాగా పండిన నాలుగు పండ్లను నీటిలో పిసికి, అడుగుకు దిగిన గింజలను బూడిదలో కలిపి ఆరబెట్టి చల్లితే వారం పది రోజులలో మొలుస్తాయి. మంచి ఎండ, తగినంత నీరు ఉంటే రెండు నెలలు దాటేసరికి కాయలు వస్తాయి.

కొనదలచుకున్నవారు కోయంబేడులో ఆకు కట్టలు తెల్లవారుజామున కొనుక్కోవచ్చును, ఒరుగులు పార్క్ టౌన్ రాసప్ప చెట్టి వీధి నాటుమందుల దుకాణాలలో దొరుకుతాయి. సుండక్కాయ్ వత్తల్, అంటే మన ఉస్తికాయ ఒరుగులు, దీనికంటె పెద్దవి. మణత్తక్కాళివి ఇంచుమించు మిరియమంత ఉంటాయి. కొన్నవాటిలో ఉప్పు విపరీతంగా ఉంటుంది. మా నాన్నగారికి రక్తపోటు ఉన్నది, ఆయన కోసం మేము ఉప్పు సగానికి తగ్గించి ఇంట్లోనే చేసుకుంటాము. తక్కువ ఉప్పుతో చేసినవి త్వరగా బూజు పడతాయి కనుక ఫ్రిజ్‌లో ఉంచుతాము.

పెరంబూరు పెద్దమ్మ | బుధవారం, మధ్యాహ్నం 3.05

అంబత్తూరు బాబు వ్రాసినది రెండుసార్లు చదివాను. పసిదాని బాధ తలచుకుంటే నిన్న నేను అంత తేలికగా వ్రాసి ఉండకూడదనిపించింది. మా పెద్దవాళ్లు పచ్చికాయ జోలికి పోకండని కొట్టి మరీ చెప్పేవారు. అది మాకు అలవాటులో కలిసిపోయి, విడిగా చెప్పాలని కూడా తోచలేదు. కామెర్లకు పచ్చిరసం అన్న మాటను నేను వెనక్కి తీసుకుంటున్నాను. ఒరుగులకు కూడా పచ్చివి కాక, రంగు తిరిగిన కాయలనే కోయండి.

విల్లివాక్కం గృహిణి | శనివారం, ఉదయం 8.30

అందరికీ నమస్కారం. ఆలస్యంగా వ్రాస్తున్నందుకు క్షమించండి. మంగళవారం సాయంత్రానికి బాబుకు మరి మూడుసార్లు విరేచనమైనది, కానీ ఓఆర్ఎస్ నీరు పడుతూ ఉండడం వల్ల నీరసపడలేదు. గురువారానికి పూర్తిగా తగ్గింది. జింకు మాత్రలు ఇంకా వేస్తున్నాము. వానల తరువాత మా వీధి కుళాయి నీరు రంగు మారి వస్తున్నది. కాచకుండా త్రాగిన పిల్లలు మరి ఇద్దరికి ఇలాగే అయిందని తరువాత తెలిసింది.

డాక్టరు గారు అడగమన్న ప్రశ్న అడిగితే మావారు కాసేపు మాట్లాడలేదు. గంటల తరబడి కూర్చుని పనిచేయడం వల్ల నడుమునొప్పి వస్తున్నదనీ, రెండు నెలలుగా దాదాపు రోజు విడిచి రోజు మందుల దుకాణంలో అడిగి నొప్పి మాత్ర తెచ్చుకొని వేసుకుంటున్నాననీ అప్పుడు చెప్పారు. ఇన్నాళ్లూ నేను బయటి తిండినే తిట్టుకుంటూ వచ్చాను. నిన్న డాక్టరు దగ్గరకు వెళ్లాము. ఆ మాత్రలు ఆపించి, ఆమ్లం తగ్గించే మందు వ్రాశారు. సూక్ష్మజీవి పరీక్ష ఈ మందు ఆపిన రెండు వారాల తరువాత చేస్తేనే ఫలితం సరిగా వస్తుందట. ఒరుగులు తినవచ్చునా అని అడిగాను. ఉప్పు తక్కువగా, మంట పెరగకుండా ఉంటే ఆహారంగా తినవచ్చునన్నారు.

మేష్టారూ, తమరు చెప్పిన గుర్తులన్నీ చూశాను. తెల్లని ఐదు రేకులు, పసుపు ముడి, ఒకే కాడకు ఆరు కాయలు ఉన్నాయి. కుండీని బాబుకు అందని పైమెట్టు మీదికి మార్చి, నల్లబడిన పండును, ఆకుపచ్చ కాయను వాడి రెండు అరచేతులలో పెట్టి ఏది తినాలో, ఏది ముట్టకూడదో చూపించాను. మామికి కూడా అంబత్తూరు వారి సంగతి చదివి వినిపించాను. వారి మనుమరాలు వచ్చే వారం మధురై నుంచి వస్తున్నదట, తమ మొక్క చుట్టూ వల కట్టించుకుంటున్నారు. పెద్దమ్మ గారూ, తణ్ణి సారులో కొబ్బరిపాలు పోసిన తరువాత మళ్లీ పొంగు రానివ్వవచ్చునా?

పెరంబూరు పెద్దమ్మ | శనివారం, ఉదయం 9.10

రానివ్వకు తల్లీ, విరిగిపోతాయి. పొయ్యి ఆర్పి, ఆకు వేడి కొంచెం తగ్గిన తరువాత పోసి మూతపెట్టు.